పూజలో పెట్టిన పానాలు

మా పుట్టింట్లో ఒక కట్టడి ఉంది. ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచిన పనిముట్టును ఆ రోజంతా ఎవరూ ముట్టుకోకూడదు. మర్నాడు విజయదశమి పొద్దున తీసి, దాంతో చిన్నదో పెద్దదో ఒక పని చేసి, అప్పుడు మళ్ళీ వాడుకలో పెట్టాలి. మాది బెంగళూరు బళేపేటలో హార్డ్‌వేర్ అంగడి. ఆ రోజు మా తక్కెడకు కూడా సెలవే. ఎంత పెద్ద గిరాకీ వచ్చి నిలబడినా మా నాయన ఒక్క మేకు కూడా తూచి ఇవ్వడు. "రేపు రాప్పా. ఈ పొద్దు అవి దేవుళ్ళు" అని పంపించేస్తాడు.

పోయిన దసరాకు నేను ఈ కట్టడిని అడ్డం పెట్టుకుని నా మొగుణ్ణి ఒక్క రోజు ఇంట్లో ఆపాలనుకున్నాను. అంతకు మించి పెద్ద ఆలోచనేమీ లేదు. ఒక్క రోజు ఆగితే చాలు, మిగతాది దానంతటదే సర్దుకుంటుందని నమ్మాను. ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే ముందు కారు గురించి చెప్పాలి. మా కాపురం గురించి చెప్పాలన్నా కారు గురించే చెప్పాలి.

ఆయన మొదటిసారి మా అంగడికి వచ్చింది క్లాంపు కోసం. రబ్బరు గొట్టాన్ని ఇనప గొట్టం మీద బిగించే పట్టీ అది. నాయన బ్యాంకుకు వెళ్ళాడు, గల్లా దగ్గర నేను కూర్చున్నాను. చేతిలో తెగిపోయిన పాత క్లాంపు, మోచేతుల దాకా గ్రీజు, మెడలో ఆఫీసు ట్యాగు. "ఇదే సైజండీ, కానీ దీనికంటే గట్టిది కావాలి" అన్నాడు. కృష్ణా జిల్లా మాట అని వినగానే తెలిసిపోయింది.

"దేనికప్పా? నీళ్ళ మోటారుకా?" అన్నాను.

"కాదండీ, టర్బోకి."

అంతటితో ఆగలేదు. టర్బో అంటే ఏమిటో నేను అడగకుండానే మొదలుపెట్టాడు. ఇంజను బయటికి వదిలే పొగ వేగానికి ఒక చక్రం తిరుగుతుందట, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి బయటి గాలిని ఇంజనులోకి కుక్కుతుందట. వెనక గిరాకీ జనం గొణుగుతున్నారు. నేను ఒక క్లాంపు తీసి చేతిలో పెట్టి పంపించాను. వారం తిరగకుండా మళ్ళీ వచ్చాడు, అది జారిపోతోందని. ఇంకోటి ఇచ్చాను. మళ్ళీ వచ్చాడు. ఈసారి గల్లా దగ్గర నాయన ఉన్నాడు. వచ్చినవాణ్ణి చూసి, నన్ను చూసి, అతను వెళ్ళాక "ఆ అబ్బాయికి కావాల్సింది క్లాంపు కాదు మ్మా" అన్నాడు. మా నాయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి వారంలోపే వీధంతా తెలిసిపోయింది.

గల్లా దగ్గర కూర్చున్నదాన్ని చూసి నేనే ఆ అంగడికి ఓనరు అనుకున్నాడట. అందుకని పెళ్ళయ్యాక కూడా నన్ను "ఓనరమ్మా" అనే పిలిచేవాడు. నేను "ఉండాది" అంటే "ఉండాదా? ఎక్కడ ఉండాది?" అని నన్ను వెక్కిరించేవాడు. నేను ఆయన "అండీ"లను వెక్కిరించేదాన్ని.

ఆయన ఆఫీసు కుందలహళ్ళిలో. ఇల్లు మాత్రం ఊరికి ఆ కొసన యలహంకలో తీసుకున్నాం. విన్నవాళ్ళందరూ నవ్వారు. కానీ బానెట్ తెరిచి పెట్టినా గేటు మూసుకునేంత పొడుగున్న పోర్టికో మాకు ఎక్కడా దొరకలేదు, అక్కడే దొరికింది. ఆ గేటుకు ఒక రోగం ఉండేది. మడతబందు బోల్టు వదులై, రెక్క కిందికి వాలి, తెరిచినప్పుడల్లా బండమీద కర్రుమని గీసుకునేది. "వచ్చే ఆదివారం బిగిస్తా" అని ఆయన ప్రతి ఆదివారం అనేవాడు. నేనూ పట్టుబట్టలేదు. వంటింట్లో ఉన్నా సరే, ఆ చప్పుడు వినగానే ఆయన వచ్చాడని తెలిసేది.

కారు సెకండ్‌హ్యాండ్‌ది. చిన్న పెట్రోలు టర్బో ఇంజను, చూడ్డానికి ఏ బ్యాంకు ఉద్యోగి కారులాగో ఉంటుంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళు గుళ్ళూ గోపురాలూ తిరుగుతారు. మేము స్పేరు పార్టుల వీధులు తిరిగాం. ఒకసారి గాలి పీల్చే ఫిల్టరు, ఒకసారి వేడెక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు, ఇంకోసారి వెడల్పాటి పొగగొట్టం, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక్కొక్కటి మార్చాం. తీసేసిన కంపెనీ సామాన్లను పాత చీరలో చుట్టి అట్టపెట్టెలో వేసి అటక మీద పెట్టాను. ఇవన్నీ చేత్తో ముట్టుకోగలిగేవి, నాకు అర్థమయ్యేవి. అసలు బలం వీటిలో లేదు, కంప్యూటర్లో ఉందని ఆయన అన్న రోజు నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది లెండి.

"మరి ఇన్ని దినాలు పడిన కష్టమంతా ఉత్తదేనా?" అన్నాను.

అప్పుడు పోర్టికోలో కూర్చోబెట్టి వాల్వుల సంగతి చెప్పాడు. ఇంజనుకు గాలి వచ్చే తలుపు ఒకటి, పొగ పోయే తలుపు ఒకటి. పాతకాలం ఇంజన్లలో ఆ తలుపులు తెరుచుకునే అదను మారదు. మా కారులో మారుతుంది, వేగాన్ని బట్టి ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎంత జరగాలో లోపలి చిన్న కంప్యూటరు చెబుతుంది, ఆ కంప్యూటరుకు మనం చెప్పొచ్చు. "పొగ తలుపు పూర్తిగా మూసుకోకముందే గాలి తలుపు తెరుచుకుంటుంది. ఆ కాస్సేపూ రెండూ తెరిచే ఉంటాయి. ఆటంతా అక్కడే," అన్నాడు.

"మా అంగడి మాదిరా?" అన్నాను. మా అంగడికి వీధి వైపు ఒక తలుపు, వెనక సందులోకి ఒక తలుపు. ఎండాకాలం రెండూ తీస్తే గాలి హాయిగా దూసుకుపోతుంది. వెనక సందులో హోటలు పొయ్యి రాజేసినప్పుడు మాత్రం వెనక తలుపు మూసెయ్యాలి, లేకుంటే ఆ పొగంతా మన మొహానికే కొడుతుంది.

ఆయన పెద్దగా నవ్వాడు. "అంతే, అదే. ఇంజను తక్కువ స్పీడులో ఉన్నప్పుడు రెండూ తెరిచి ఉంచితే టర్బో తొందరగా లేస్తుంది. పైకి వెళ్ళాక వెనక ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు మూసెయ్యాలి."

అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు వెనక తలుపే. "ఈసారి వెనక తలుపు ఎంత పెట్టినావు?" అని అన్నం వడ్డిస్తూ అడిగేదాన్ని. బయటివాళ్ళు వింటే వీళ్ళకు పిచ్చి అనుకునేవారు.

ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు నడపాలి, ఇంకొకరు పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అంకెలు చూడాలి. ఆదివారం తెల్లవారుతూనే దొడ్డబళ్ళాపురం వైపు వెళ్ళేవాళ్ళం. ముందూ వెనకా ఎవరూ లేని రోడ్డు దొరికితే మూడో గేరులో కింద నుంచి పైదాకా ఒక్క ఊపున లాగేవాడు. సిలిండరులో పెట్రోలు అదనుకు ముందే పేలడాన్ని నాక్ అంటారు. అది ముదిరితే ఇంజను గతి అంతే. లాప్‌టాప్‌లో దాన్ని చూపించే గడి ఎర్రబడగానే నేను "కాలు తియ్" అనాలి. ఆయన కళ్ళు రోడ్డు మీద, నా కళ్ళు గడి మీద. నేను అనడం, ఆయన కాలు తీయడం ఒకేసారి జరిగేవి. ఎందుకు అని గానీ, నిజంగానా అని గానీ ఏనాడూ అడగలేదు. నా మాటను అంత నమ్మి విన్న మనిషి నా బతుకులో ఇంకొకరు లేరు. మా నాయన కూడా నేను లెక్క చెబితే మళ్ళీ ఒకసారి కూడుకుంటాడు.

తర్వాత రోడ్డు పక్కన ఆపి, అంకెలు చూసి, గాలి తలుపు అదనును కొంచెం అటో ఇటో జరిపి మళ్ళీ లాగేవాళ్ళం. మా కారుకు ఒక కుంటు ఉండేది. కాలు నొక్కాక మధ్యలో ఒకచోట కాస్త తడబడి, ఆలోచించి, అప్పుడు పరిగెత్తేది. ఆ కుంటును పోగొట్టాలని ఒక వానాకాలమంతా దాని వెంటపడ్డాం.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో మొదటి ఆయుధపూజ వచ్చింది. ఆయన ముందు రోజు ఇంటర్‌కూలరు గొట్టాలన్నీ విప్పి పెట్టుకున్నాడు, సెలవంతా పని చేసుకోవచ్చని. పొద్దున నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చి చూస్తే ఏముంది, పానాలన్నీ అరిటాకు మీద వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కదానికీ పసుపు, కుంకుమ, చామంతి రేకులు. పక్కనే లాప్‌టాప్.

"లాప్‌టాప్ కూడానా?" అన్నాడు.

"దాంతోనే కదా గాడి బిగిస్తా ఉండావు? అది ఆయుధం కాదా?" మా పుట్టింట్లో బండిని గాడి అనే అంటాం.

"సాయంత్రం తీసుకోవచ్చా?"

"రేపు."

ఆయన దేవుడికి చేతులెత్తి మొక్కే మనిషి కాదు. కానీ నోరు కడుక్కొచ్చి, ఆ విప్పిన కారు పక్కన మెట్టు మీద కూర్చుండిపోయాడు. చేతులు ఖాళీగా ఉన్న ఆయన్ని చూడటం నాకు అదే మొదటిసారి. నేను బొరుగులూ పుట్నాలూ తెచ్చి మధ్యలో పెట్టాను. ఆ రోజు చెప్పాడు, వాళ్ళ ఊళ్ళో రైసుమిల్లు పక్కనే వాళ్ళ ఇల్లట. పసివాడుగా ఉన్నప్పుడు మిల్లు ఇంజను చప్పుడు ఉంటేనే నిద్రపోయేవాడట. చప్పుడులో తేడా వస్తే లేచి కూర్చుని ఏడ్చేవాడట. వాళ్ళమ్మ ఎత్తుకుని మిల్లు దాకా తీసుకెళ్ళి, ఇదిగో తిరుగుతోంది చూడు అని చూపిస్తే ఊరుకునేవాడట. నేనూ ఏవేవో చెప్పాను. నట్లు లెక్కపెడుతూ నిద్రపోయిన సంగతి, గల్లాపెట్టెలో వేలు నలిగిన సంగతి. మధ్యాహ్నం అన్నం మెట్టు మీదే తిన్నాం. పొద్దు గుంకిందన్న సంగతి దోమలు చెప్పాయి. నా పెళ్ళి జీవితం మొత్తంలో అంత మంచి రోజు ఇంకొకటి లేదు. మర్నాడు ఆయన పది నంబరు పానా తీసి ఒక్క బోల్టు బిగించి, "అయిందా ఓనరమ్మా మీ శాస్త్రం?" అని తర్వాతే టీ తాగాడు.

ఇంకొన్నాళ్ళకు, ఒక ఆదివారం పొద్దున, కుంటు పోయింది. కాలు నొక్కితే కారు కింద నుంచి పైదాకా ఎక్కడా తడబడకుండా లాగేసింది. గడి ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. రోడ్డు పక్కన తట్టె ఇడ్లీ హోటలు ముందు ఆపి ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. ఆయన నా వీపు మీద చరిచాడు. ఇడ్లీలు వచ్చాయి, తిన్నాం, కాఫీ తాగాం. తిరిగి వస్తుంటే లాప్‌టాప్ మూసి నా ఒళ్ళో ఉంది. హెబ్బాళ వైపు విమానం ఒకటి దిగుతుంటే "విమానం" అన్నాడు. "అవును" అన్నాను. ఇంటికి చేరేదాకా మేము మాట్లాడింది అంతే.

తర్వాతి ఆదివారం ఆయన పొద్దెక్కేదాకా పడుకున్నాడు. పక్కింటివాళ్ళు పిల్లలెప్పుడని నన్ను అడిగేవారు. నేను ఆయన్ను పెద్ద టర్బో ఎప్పుడని అడిగేదాన్ని. "ఉన్నది బానే ఉందిగా" అనేవాడు. నిజమే, బాగానే ఉంది. బాగోలేదని నేను ఎట్లా చెప్పగలను? బ్రేకులు మారుద్దామా అన్నాను, క్లచ్చు జారుతోందేమో చూడమన్నాను. కారును పట్టుకుని వేలాడాను. ఆయన ఊ కొట్టి ఫోన్ చూసుకునేవాడు. తిట్టిపోశాను కూడా. తిడితే ఉలకడు పలకడు. గోడతో పోట్లాడితే మన గొంతే పోతుంది.

ఆ తర్వాత ట్రాఫిక్ వచ్చింది. "వారంలో రెండు రోజులు ఫ్రెండు రూములో ఉంటాను, ఈ ట్రాఫిక్‌లో తిరగలేకపోతున్నా" అన్నాడు. రెండు రోజులు నాలుగయ్యాయి. తర్వాత కుందలహళ్ళిలోనే ఒక గది తీసుకున్నాడు. బెంగళూరులో ఇది ఎంత సులువో చూడండి. మొగుడూ పెళ్ళాలు వేరువేరుగా ఉన్నా ఎవరూ నోరు నొక్కుకోరు. ట్రాఫిక్ అంటే చాలు, అందరూ అయ్యో పాపమని తల ఊపుతారు. నాయన ఫోన్ చేసి "అల్లుడు ఏడి మ్మా?" అంటే "ట్రాఫిక్‌లో ఉండాడు నాయనా" అనేదాన్ని. మొదట్లో అది నిజమే.

చివరికి ఒకనాడు వచ్చి పోర్టికో మెట్టు మీద కూర్చుని అసలు మాట చెప్పాడు. "నీ మీద కోపమేం లేదు. ఇంకెవరూ లేరు కూడా. కారు సంగతి తప్ప మనిద్దరికీ మాట్లాడుకోడానికి ఏమీ లేదు, గమనించావా?"

గమనించకపోవడమేమిటి? ఆయన కంటే ముందే గమనించాను. "మాటలు లేకుంటే మాట్లాడి చేసుకోవాలప్పా. బళేపేటలో కొనుక్కొచ్చేటివి కావు" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. నేను లోపలికి వెళ్ళి కుక్కరు పెట్టాను. ఏం చేయాలో తెలియనప్పుడు ఆడవాళ్ళు కుక్కరు పెడతారు.

కారు అమ్మేద్దామన్నాడు. కొనే అతనికి కాగితాల్లో ఎలా ఉందో బండి అలాగే కావాలట, కంపెనీ నుంచి వచ్చినట్టే. అంటే మేము చేసిందంతా విప్పి, అటక మీది పాత సామాన్లు మళ్ళీ బిగించి, కంప్యూటర్లో మా అంకెలు చెరిపి కంపెనీ అంకెలు వెయ్యాలి. అమ్మేదాకా కారు మా పోర్టికోలోనే ఉంది. ఫోన్‌లో తారీకు ఆయనే చెప్పాడు. "ఆ రోజు నాకు సెలవు. రోడ్లు కూడా ఖాళీగా ఉంటాయి."

క్యాలెండరు చూశాను. ఆయుధపూజ. ఆయన మరిచిపోయాడని నాకు అర్థమైంది. నేను గుర్తు చేయలేదు. "సరే రా" అన్నాను.

ఆ రోజు తెల్లవారకముందే లేచి తలస్నానం చేశాను. పానాలన్నీ కిరసనాయిలుతో తుడిచి, అరిటాకు మీద పరిచి, ఒక్కటి కూడా వదలకుండా బొట్లు పెట్టాను. స్క్రూడ్రైవర్లు, జాకీ, టార్చిలైటు, లాప్‌టాప్. ఇంట్లో కూరగాయలు తరిగే కత్తిపీట కూడా అందులోనే పెట్టాను. ఆ రోజు పెరుగన్నమే తిందాం అనుకున్నాను. కారుకు పూలదండ వేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. బండికి ఈ కట్టడి లేదు గానీ, పానాలు లేకుండా దాన్నేం చేస్తాడు? బొరుగులూ పుట్నాలూ పళ్ళెంలో పోసి మెట్టు మీద ఉంచాను. ఆయన వస్తాడు, చూస్తాడు, అయ్యో అనుకుంటాడు. రేపటిదాకా చేసేదేమీ ఉండదు. మెట్టు మీద కూర్చుంటాడు. అట్లా కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి, ఆ రోజు వచ్చినట్టు. ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ అనేది. నేను ఆ పొద్దు అలికేసి పండగే అనుకున్నాను.

గేటు కర్రుమంది. పరిగెత్తినట్టు కనపడకుండా బయటికి వచ్చాను. ఆయన చెప్పులు విప్పి, పూజ దగ్గరకు వచ్చి, వంగి చూసి నవ్వాడు. ఎన్నాళ్ళకో చూశాను ఆ నవ్వును. "బాగా పెట్టావు," అన్నాడు.

"ఈ పొద్దు ఇవి తాకేది లేదు, తెలుసు కదా," అన్నాను.

"తెలుసు. గుర్తుంది."

మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాడు. ఆటోలోంచి ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె, భుజానికి ఒక సంచీ తీసుకుని వచ్చాడు. పెట్టె కింద పెట్టి మూత తెరిచాడు. లోపల పానాలు. ఎవరివో, నీటుగా దేని గుంటలో అది పడుకుని ఉన్నాయి. సంచీలోంచి ఇంకో లాప్‌టాప్ బయటికి వచ్చింది.

"ఫ్రెండువి. నీ పూజ సంగతి గుర్తొచ్చి తెచ్చుకున్నా. నీవి ముట్టుకోను, భయపడకు," అన్నాడు.

ఆయన నా అరిటాకు మీది పానా తీసి కుంకుమ తుడిచి ఉంటే ఎంత బాగుండేది. చీల్చి చెండాడేదాన్ని. ఊరంతా వినేలా అరిచేదాన్ని. పోట్లాట అయినా జరిగేది మా ఇద్దరి మధ్య. ఆయన నా మాట నిలబెట్టాడు, నా కట్టడిని గౌరవించాడు, నన్ను అంత బాగా గుర్తుపెట్టుకున్నాడు. అందుకే ఒక్క పూట కూడా ఆగనక్కరలేకుండా వచ్చాడు. అప్పుడు నాకు తెలిసిపోయింది, ఈ మనిషి ఇక నాకు లేడని. మెట్టు మీద కూర్చుని బొరుగులు ఒక్కొక్కటే ఏరి నోట్లో వేసుకున్నాను. వాటికి రుచే లేదు.

ఆయన పని చేసుకుంటూ పోయాడు. అటక మీది పెట్టె నేనే దించి ఇచ్చాను. పాత చీర విప్పి కంపెనీ ఫిల్టరు డబ్బా, చిన్న ఇంటర్‌కూలరు, సన్న గొట్టం బయటికి తీశాడు. మావి ఒక్కొక్కటే ఊడి కిందికి వచ్చాయి. మా అంగడి క్లాంపులు కూడా. ఎప్పట్లా "టార్చి పట్టుకో" అంటాడేమోనని చూశాను. నా టార్చి పూజలో ఉంది కదా, నెత్తికి కట్టుకునే లైటు తెచ్చుకున్నాడు.

చివరికి లాప్‌టాప్ తగిలించి మా అంకెలు తీసేసి కంపెనీ అంకెలు ఎక్కించాడు. ఒకసారి నడిపి చూడాలి. ఆ పనికి మాత్రం పెట్టెలో మనిషి దొరకలేదు.

"ఒక్క రౌండు వస్తావా? చూడ్డానికి ఎవరైనా ఉండాలి," అన్నాడు.

ఎక్కాను. చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి. రోడ్లు నిజంగానే ఖాళీగా ఉన్నాయి. ఎదురుగా వచ్చిన ప్రతి ఆటోకూ ప్రతి బస్సుకూ అరటి పిలకలు, చామంతి దండలు. లాప్‌టాప్ నా ఒళ్ళో ఉంది, దాని బరువు కొత్తగా ఉంది. మూడో గేరులో నొక్కాడు. మధ్యలో ఒకచోట కారు తడబడింది, ఆలోచించింది, అప్పుడు కదిలింది. కుంటు వచ్చేసింది. అదే చోట, మొదటి రోజు ఉన్నట్టే. ఆయనకూ తెలిసింది. నా వైపు చూశాడు. ఇప్పుడేమన్నా అంటాడేమోనని ఎదురుచూశాను. ఇది మళ్ళీ చేద్దామా అంటాడేమో. వెనక తలుపు అనన్నా అంటాడేమో.

"కంపెనీ వాడు అలాగే ఇచ్చాడుగా," అని మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. "నాక్ ఉందా?"

"లేదు."

"ఇంకేమన్నా?"

"ఏమీ లేదు," అన్నాను. గడి అంతా పచ్చగా ఉంది. నా కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చి సరిగా కనపడలేదు గానీ, పచ్చగానే ఉంది.

ఇంటికి వచ్చి నన్ను గేటు దగ్గర దింపాడు. విప్పిన సామాన్లు పోర్టికోలో మూలకు సర్ది, "మీ అంగడికి వచ్చేవాళ్ళెవరికన్నా పనికొస్తే ఇచ్చెయ్" అన్నాడు. స్టీరింగు దగ్గర కూర్చుని అద్దం దించి "థాంక్స్" అన్నాడు.

"థాంక్స్ ఎవరికప్పా చెప్తాండావు?" అన్నాను. ఎంత అణుచుకున్నా కోపం వచ్చేసింది. "నేను ఎవరు నీకు? గిరాకీనా?"

ఆయన కారు దిగాడు. ఓనరమ్మా అంటే చాలు, ఆ ఒక్క మాటకు నేను కారుకు అడ్డం పడుకునేదాన్ని. అనలేదు. దండ తీసి నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. పోర్టికోలో నాలుగు చోట్ల చితికిన నిమ్మకాయలు మిగిలాయి.

మర్నాడు పొద్దున పూజ దగ్గర కూర్చుని పానాలు తీస్తుంటే నాయన ఫోన్ చేశాడు. "ఏం మ్మా, పానాలు తీసినావా?"

"తీస్తా ఉండా నాయనా."

"అల్లుడు బోల్టు బిగించినాడా?"

"ఆయన రాలేదు. ట్రాఫిక్‌లో ఉండాడు," అన్నాను. నోటికి అలవాటైపోయిన మాట, ఆలోచించకుండానే వచ్చేసింది.

నాయన లొడలొడా మాట్లాడే మనిషి. ఈసారి చాలా మెల్లగా అడిగాడు. "పండగ పొద్దు ట్రాఫిక్ యాడుండాది మ్మా?"

నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"గాడి ఉండాదా?"

"లేదు నాయనా."

"పానా చేతిలో ఉండాదా?"

"ఉండాది."

"అయితే సుమ్నె, ఉత్తగా పెట్టగూడదు. ఆ గేటు బోల్టు లూజుగా ఉండాది కదా, దాన్ని బిగించు. నేను వస్తా ఉండా," అని ఫోన్ పెట్టేశాడు.

పసుపు అంటిన పానా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. బోల్టు తుప్పు పట్టి ఉంది. కాస్త మొండికేసి తర్వాత తిరిగింది. గట్టిగా బిగించాను. గేటు రెక్క బండ మీంచి పైకి లేచింది. తోసి చూస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది, చప్పుడు లేకుండా మూసుకుంది. ఇన్నేళ్ళూ చెవులు రిక్కించి వింటూ వచ్చిన చప్పుడు అది. నా చేతుల్తోనే ఆపేశాను. అప్పుడు మెట్టు మీద కూలబడి, మోకాళ్ళలో మొహం పెట్టుకుని, ఎవరు వింటే ఏమి అని ఏడ్చాను. గేటు చప్పుడు చేయలేదు కాబట్టి, నాయన వచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టేదాకా ఎవరో లోపలికి వచ్చారని నాకు తెలియలేదు.